వికలాంగ దళిత విద్యార్థి – చట్టాల చూపు

దళితుల చదువు చరిత్ర రాసేటప్పుడు 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో పెట్టిన బడుల నుంచో, రాజ్యాంగం 46వ అధికరణ నుంచో మొదలుపెడతాం. వికలాంగుల చదువు చరిత్ర రాసేవాళ్ళు 1995 చట్టంతో మొదలుపెడతారు. ఈ రెండు చరిత్రలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. మరి వాడలో పుట్టిన పోలియో పిల్లవాడు ఏ చరిత్రలోకి వస్తాడన్నది మా ప్రశ్న.

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీదున్న మేడిపల్లినే తీసుకుందాం. 2016 దాకా ఇది రంగారెడ్డి జిల్లా ఘట్‌కేసర్ మండలంలో ఉండేది. చూపులేని పిల్లకు సర్కారు బడి అంటే దారుల్‌షిఫా, చెవులు వినపడని పిల్లకు మలక్‌పేట. కూలికి పోయే తల్లి ఒక పూట పని మానుకుంటేగానీ అక్కడ అడుగు పెట్టలేదు. వికలాంగుల్ని మామూలు బళ్ళోనే చదివించాలని కేంద్రం 1974లో సమీకృత విద్యా పథకం తెచ్చిన మాట నిజమే. కానీ పథకమంటే సర్కారు దయ. హక్కు అనే మాట రావడానికి ఇంకో ఇరవై యేళ్ళు పైనే పట్టింది.

1996 ఫిబ్రవరి 7న అమల్లోకొచ్చిన చట్టం 18 యేళ్ళ వరకు ఉచిత విద్య అన్నది, సర్కారు, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లన్నది. 2009 విద్యాహక్కు చట్టం మొదట రాసినప్పుడు 'ప్రతికూల పరిస్థితుల్లోని వర్గం' అన్న నిర్వచనంలో ఎస్సీ, ఎస్టీల పేర్లున్నాయి, వికలాంగుల పేరు లేదు. ఉద్యమాలు మొత్తుకుంటే 2012 సవరణలో చేర్చారు. దాంతోపాటే, వైకల్యం తీవ్రంగా ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చన్నారు. ఒంటిగది ఇంట్లో, తల్లిదండ్రులిద్దరూ పనికి పోయాక, ఏం చదువు? ఊరికి దూరంగా వాడను పెట్టిన బుద్ధే ఇందులోనూ మాకు కనిపిస్తున్నది.

2016 చట్టం వీటన్నిటికంటే మెరుగు. ఏడు రకాల వైకల్యాలు 21 అయినయి. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు వచ్చినయి. 31వ సెక్షన్ ప్రకారం 6 నుంచి 18 యేళ్ళ పిల్లలు దగ్గరి బడికి పోవాలా, ప్రత్యేక బడికి పోవాలా అన్నది వాళ్ళ ఇష్టం. అయితే ఈ హక్కుకు 40 శాతం వైకల్యమున్నట్టు సర్టిఫికెట్ కావాలి. జనం 'సదరం' అని పిలిచే ఆ కాగితం కోసం క్యాంపుల చుట్టూ తిరగడమంటే మళ్ళీ కూలి పోగొట్టుకోవడమే. కులం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక 'దివ్యాంగులు' అన్న పేరు. 'హరిజన' అన్న పేరును ఎందుకు కాదన్నామో తెలిసినవాళ్ళకు దీని మర్మమూ తెలుసు.

2011 జనగణనలో దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. ఎస్సీల్లో అది 2.45. పోషణ, వైద్యం, చేసే పని – వీటిలో ఉన్న కులమే ఈ తేడాలో కొంతైనా పలుకుతున్నదని మేమంటాం. చట్టం మాత్రం ఒకసారికి ఒకదాన్నే చూస్తుంది. 1992 మండల్ తీర్పు వైకల్య రిజర్వేషన్‌ను అడ్డంగా పోయేదిగా లెక్కగట్టింది: ఎంపికైన దళిత వికలాంగుడు ఎస్సీ కోటాలోనే సర్దుకోవాలి. 2020లో ఆర్యన్ రాజ్ కేసులో, ఎస్సీ, ఎస్టీలకిచ్చే మార్కుల సడలింపు వికలాంగులకూ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ రెండూ మోసే పిల్లకు? ఆమెకూ ఆ ఒక్క సడలింపే. 2021లో, ఆంధ్రప్రదేశ్‌లో అత్యాచారానికి గురైన ఒక అంధ దళిత యువతి కేసులో (పటాన్ జమాల్ వలి) కులం, లింగం, వైకల్యం కలిసి పనిచేస్తాయని అదే కోర్టు విడమరిచి రాసింది. అయినా సాక్ష్యం చాలలేదని అట్రాసిటీ చట్టం కింది శిక్షను కొట్టేసింది, అత్యాచారానికి వేసిన యావజ్జీవాన్ని మాత్రం నిలిపింది.

అదే యేడు రజనీష్ కుమార్ పాండే కేసులో, మామూలు బళ్ళలో వికలాంగ పిల్లలకు ప్రత్యేక టీచరు ఉండాలని కోర్టు చెప్పింది. మేడిపల్లి, నాచారం, ఉప్పల్ సర్కారు బళ్ళల్లో ఆ టీచరు ఉన్నాడా, ఉంటే పర్మినెంటా కాంట్రాక్టా, ర్యాంపు ఉన్నదా, పరీక్షకు స్క్రైబును ఎవరు వెతికిపెడుతున్నారు, ఆ పిల్లల్లో ఎస్సీలెందరు – ఈ లెక్కల్ని సమాచార హక్కు కింద బడివారీగా అడగడం మా తర్వాతి పని. టీచర్లు, విద్యార్థి సంఘాలు తమ తమ మండలాల్లో ఇదే దరఖాస్తు పెట్టవచ్చు.