పట్టా, హస్తవాసి

ఆడవాళ్ళ పైచదువుల చరిత్ర రాసేటప్పుడు మనం తలుపు తెరుచుకున్న సంవత్సరాన్ని భద్రంగా గుర్తుపెట్టుకుంటాం. మొదటి విద్యార్థిని ఎవరు, మొదటి డాక్టరు ఎవరు అని వెతుకుతాం. ఆ తలుపు దాటాక ఆమెను ఎక్కడ కూర్చోబెట్టారు, ఏ రోగి పక్కన నిలబడనిచ్చారు, చేతికిచ్చిన కాగితంతో బయట ఏ పని చేసుకోవచ్చు? ఇవి అంతగా రాయం. సైకాలజీలో మాస్టర్స్ పూర్తిచేసి, క్లినికల్ సైకాలజీ డాక్టరేట్‌కి ఎక్కడెక్కడ అప్లై చెయ్యాలా అని తల పట్టుకుంటున్న ఆడపిల్లలు ఇవాళ మన చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్ళకి కావలసిన జవాబు ర్యాంకుల పట్టికల్లో కంటే నయాపూల్ చుట్టుపక్కల చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుందని నాకనిపిస్తుంది.

నయాపూల్ మీద నిలబడితే మూసీకి ఉత్తరాన అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ఆ పక్కనే ఒకప్పటి ఆసఫియా లైబ్రరీ కనిపిస్తాయి. దక్షిణాన హైకోర్టు, దాని దగ్గర్లో 1906లో పునాదిరాయి వేసిన విక్టోరియా జనానా ఆసుపత్రి. పాతబస్తీ ఆడవాళ్ళ నోట్లో మాత్రం ప్రసూతి ఆసుపత్రి అంటే జజ్జిఖానాయే. ఈ ఊళ్ళో 1846లో ఉర్దూ మాధ్యమంలో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలు, 1885లో అయిదుగురు ఆడవాళ్ళను చేర్చుకుంది. చేర్చుకున్నది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఆ అయిదుగురిలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి. 1889లో ఆమె చదువు పూర్తయింది.

ఇందులో లారీ ఉదారత్వాన్ని మరీ ఎక్కువ చేసి చెప్పుకోనక్కర్లేదు. ఘోషాలో ఉన్న ఆడవాళ్ళు మగ డాక్టరుకి నాడి చూపించరు. కాబట్టి ఆడ డాక్టర్లు కావాలి. ఆడవాళ్ళకి ఆడవాళ్ళ చేతే వైద్యం అందించటానికి డఫరిన్ నిధి పెట్టింది కూడా 1885లోనే. అంటే ఆ తలుపు ఆమె చదువు కోసం కంటే పరదా అవసరం కోసమే ఎక్కువగా తెరుచుకుంది. కాకపోతే ఒకసారి లోపలికి వెళ్ళిన మనిషి, తనను ఏ పనికి పిలిచారో ఆ పని దగ్గరే ఆగిపోవాలని ఎక్కడా లేదు కదా.

రూపాబాయి ఆగలేదు. లారీ అప్పట్లో క్లోరోఫామ్ మీద ప్రయోగాలు చేయిస్తున్నాడు. 1888లో ఒకటి, 1889లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో మరొకటి, రెండు క్లోరోఫామ్ కమిషన్లు ఈ ఊళ్ళో నడిచాయి. మత్తులో ఉన్న మనిషికి ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి అన్నది లారీ పాఠం. గుండె విషయంలో ఆయన లెక్క తప్పని తరవాతి పరిశోధనల్లో తేలింది. కానీ రోగి తల దగ్గర నిలబడి ఊపిరి వినటం అనే పనిని ఒక ఆడమనిషి ఏళ్ళ తరబడి చేసింది. మత్తుమందు ఇవ్వటమే ప్రత్యేక వృత్తిగా చేసుకున్న తొలి మహిళల్లో ఒకరిగా వైద్యచరిత్ర ఆమెను చెప్పుకుంటుంది. 1908 సెప్టెంబరు వరదలో మూసీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచేసింది. ఆ మరుసటేడు, 1909లో, రూపాబాయి ఎడిన్‌బరో వెళ్ళింది.

నాకు బాగా ఆసక్తిగా ఉన్నది అక్కడ ఆమె చేసుకున్న ఎంపిక. మత్తుమందు ఇవ్వటంలో విడిగా కోర్సు అనేదే అప్పటికి లేదు. తన పనికి కోర్సు లేనప్పుడు, తన పనికి పనికొచ్చే కోర్సు వెతుక్కుంది. భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిప్లొమా చదివింది. వాయువులతో, ఆవిరితో పని చేసే మనిషికి అవే కావాలి. పేరు గొప్పదా కాదా అని కాకుండా, తిరిగొచ్చి రోగి పక్కన నిలబడ్డప్పుడు ఏది అక్కరకొస్తుందో చూసుకుంది.

అదే ఎడిన్‌బరోలో 1869లో సోఫియా జెక్స్-బ్లేక్, మరి కొంతమంది స్త్రీలు వైద్యవిద్యలో చేరారు. 1870లో పరీక్ష రాయటానికి వెళ్తుంటే మగ విద్యార్థుల గుంపు మీద పడి బురద చల్లింది. చివరికి పాఠాలు చెప్పారు గానీ పట్టా ఇవ్వలేదు. ఆ ఏడుగురికీ చనిపోయాక, 2019లో, గౌరవంగా పట్టాలిచ్చారు. చదువు చెప్పి పట్టా ఎగ్గొట్టటం అప్పటి పద్ధతి. ఇప్పుడు మన దగ్గర క్లినికల్ సైకాలజీలో జరుగుతున్నది దీనికి తలకిందులు. పట్టా ఇస్తారు, వైద్యం చేసే హక్కు ఇవ్వరు.

ఈ సంగతి నాకు తెలిసేలా చేసింది పాతబస్తీ నుంచి వచ్చే ఒక విద్యార్థిని. అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో నేను పాత పత్రికలు తిరగేస్తుంటే ఎదురు బల్ల దగ్గర కూర్చుని పరీక్షలకి చదువుకునేది. ఒకరోజు పన్నెండు సంస్థల పేర్లు రాసిన కాగితం నా ముందు పెట్టి, "మేడమ్, వీటిల ఏది మంచిదో చెప్పుండ్రి. మీరు డాక్టరేట్ చేసిన్రు కదా" అంది. నా డాక్టరేట్ సాహిత్యంలోనమ్మా అంటే, "గైతేంది, పిహెచ్‌డీ పిహెచ్‌డీయే కదా" అంది. చిక్కంతా సరిగ్గా ఆ మాట దగ్గరే ఉంది.

1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా పని చెయ్యాలంటే కౌన్సిల్ రిజిస్టరులో పేరుండాలి. లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా వివరంగా చెప్పింది: కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత, లేదా మాస్టర్స్ తరవాత రెండేళ్ళ పూర్తికాల ఎం.ఫిల్. అందులో పెద్దల పర్యవేక్షణలో రోగుల్ని చూసిన శిక్షణ ఉండాలి. ఏ విశ్వవిద్యాలయంలోనైనా సైకాలజీలో అయిదారేళ్ళు పరిశోధన చేసి పేరుకి ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు. ఆ ఒక్క కాగితంతో రోగి ఎదురుగా కూర్చునే హక్కు రాదు. బెంగళూరులో 1954లో పెట్టిన మానసిక ఆరోగ్య సంస్థ, ఇప్పటి నిమ్‌హాన్స్, 1955 నుంచి నేర్పుతూ వచ్చిన శిక్షణ, అది డిప్లొమాగా ఉన్నా ఎం.ఫిల్.గా మారినా, ఈ రెండేళ్ళ పనే. 2022లో యూజీసీ ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తేసింది. ఒక్క క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి 2025-26 దాకా గడువిచ్చింది. మిగిలిన దారుల్లో ప్రధానమైనది సై.డి. - వృత్తిశిక్షణే ప్రాణంగా ఉన్న డాక్టరేట్. కాబట్టి ఇవాళ ఎంచుకునే అమ్మాయి మొదట అడగాల్సింది, ఈ కోర్సుకి కౌన్సిల్ గుర్తింపు ఉందా, నేను చేరే ఏటికి ఉందా అని.

ఆమె కాగితంలో రెండు అమెరికా పేర్లు కూడా ఉన్నాయి. అక్కడ అదే పిహెచ్.డి. అన్న మాట వేరే పని చేస్తుంది. 1949లో బౌల్డర్‌లో జరిగిన సమావేశం, క్లినికల్ సైకాలజిస్టు పరిశోధకురాలూ చికిత్సకురాలూ రెండూ కావాలని తేల్చింది. అందుకని అక్కడి క్లినికల్ పిహెచ్.డి.లో పరిశోధనతోబాటు రోగుల్ని చూడటం, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిసే ఉంటాయి. వీటిలో చాలావాటికి ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి గాని ఏటా తీసుకునేది గుప్పెడు మందినే, అదీ ఒక ప్రొఫెసరు పరిశోధనకి సరిపోయేవాళ్ళని. 1968లో ఇల్లినాయ్‌లో మొదలైన సై.డి. బాటలో సీట్లు ఎక్కువ, అప్పులూ ఎక్కువే. తిరిగొస్తే ఇక్కడ మళ్ళీ గుర్తింపు కోసం కౌన్సిల్ గడప ఎక్కాలి. ఇవేవీ ర్యాంకుల్లో కనపడవు.

చట్టం సంగతి తేలాక అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ శిక్షణ ఎవరి పక్కన కూర్చోబెడుతుంది? భార్గవి దావర్ 1999లో రాసిన 'మెంటల్ హెల్త్ ఆఫ్ ఇండియన్ విమెన్' పుస్తకం మన స్త్రీవాదులు మళ్ళీ చదవాల్సిన పుస్తకం. తీవ్రమైన మానసిక వ్యాధుల్లో ఆడా మగా తేడా పెద్దగా లేదు, దిగులు, ఆందోళన వంటి మామూలు బాధల్లోనే ఆడవాళ్ళు ఎక్కువ, వాటి వేళ్ళు వాళ్ళ బతుకుల్లో ఉన్నాయి అని ఆమె వాదించింది. ఆ ఆడవాళ్ళు పిచ్చాసుపత్రికి రారు. ఎర్రగడ్డ అన్న ఊరి పేరే మనకి తిట్టయిపోయింది కదా. వాళ్ళు వచ్చేది ఉస్మానియా ఓపీకి, జజ్జిఖానాకి. నడుం నొప్పి అనీ, తెల్లబట్ట అనీ, నిద్ర పట్టదనీ వస్తారు. విటమిన్ గోళీలు రాయించుకుని పోతారు. శిక్షణంతా మానసిక వైద్యశాల గోడల మధ్యే జరిగే కోర్సులో చేరిన అమ్మాయికి ఈ ఆడవాళ్ళు ఎప్పటికీ తగలరు. జనరల్ ఆసుపత్రిలో, బస్తీలో కూడా పోస్టింగ్ ఇచ్చే కోర్సు, పేరు కాస్త చిన్నదైనా, నా దృష్టిలో మెరుగు.

భాష సంగతి సాహిత్యం చదివినదాన్ని గనక నేను వదల్లేను. "పానం మంచిగ లేదు", "దిల్ ఘబ్రాతా", "గుండెల దడదడ", "గాలి సోకింది" - ఇవన్నీ నయాపూల్‌కి అటూ ఇటూ వినపడే మాటలు. వీటిలో ఏది డిప్రెషన్, ఏది భయం, ఏది అత్తింట్లో చెప్పలేని సంగతికి పెట్టుకున్న ముసుగు అన్నది ఇంగ్లీషు ప్రశ్నపత్రం చెప్పదు. మనవాళ్ళు ఎంతోకాలంగా వాడుతున్న బినే-కామత్ బుద్ధి పరీక్షను కామత్ మలిచింది మరాఠీ, కన్నడ పిల్లల కోసం. తెలుగుకీ దక్కనీకీ అలా కూర్చుని పనిచేసేవాళ్ళు కావాలి. ఆ పనికి మాత్రం పరిశోధన డాక్టరేటే సరైన చోటు. అందుకే పిహెచ్.డి.ని తీసిపారెయ్యమని నేను అనను. వరస మారాలి: ముందు శిక్షణ, తరవాత పరిశోధన.

ఇంట్లోవాళ్ళు ఆమెకు చెప్పింది ఒక్కటే, ఊళ్ళోనే చదువుకోమని. ఆ మాటని పితృస్వామ్యం అని కొట్టెయ్యటం నాకు తేలికే, హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని. పూర్తికాలం రెండేళ్ళు ఊరు దాటి ఉండటమంటే పెళ్ళి వాయిదా, తమ్ముడి ఫీజుతో పోటీ, ఇంటికి రాని ఒక జీతం. ఆ లెక్క వేసేది ఆమే, దాని బరువు మోసేదీ ఆమే. సికింద్రాబాద్‌లోనూ కౌన్సిల్ గుర్తింపుతో ఎం.ఫిల్. నేర్పిన సంస్థలున్నాయి. దగ్గరున్నది తక్కువ రకమన్న అపోహ వల్ల ఆమె మొదట వాటి పేర్లు కూడా రాసుకోలేదు.

పన్నెండులో ఏడు కొట్టేశాం. కౌన్సిల్ గుర్తింపు లేనివి కొన్ని, ఫీజు అందనివి కొన్ని. ఊళ్ళోవి రెండు చేర్చాం. బెంగళూరు ఉంచుకుంది, ఇంట్లో ఒప్పించటం తన పనేనంది. ఒక్కో సంస్థకీ రాసే ఉత్తరంలో మూడు ప్రశ్నలు పెట్టింది. వారంలో ఎన్ని రోజులు జనరల్ ఆసుపత్రి ఓపీలో కూర్చోబెడతారు? తెలుగులో, ఉర్దూలో మాట్లాడే రోగుల కేసుల్ని పర్యవేక్షించేవారు ఎవరు? నైట్ డ్యూటీ ఉంటే ఆడవాళ్ళకి గది ఉందా? మూడోది నేను వద్దన్నాను, ఇంటర్వ్యూలో అడగొచ్చులే అని. ఆమె తీయలేదు.