సర్కారూ ఒక వ్యక్తే

1997 జూలై 11, శుక్రవారం. 'సమత వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి మూడు దశాబ్దాలు నిండవస్తున్నాయి. మానవ హక్కుల చరిత్ర అనగానే మనం పారిస్, జెనీవా, న్యూయార్క్ పేర్లు చెప్పుకుంటాం. అనంతగిరి మండలం పేరు ఎవరి నోటా రాదు. రావాలని నా పట్టుదల. ఆ మండలంలోని బొర్రా గుహలు చూసొచ్చేవాళ్లు ఏటా లక్షల్లో ఉంటారు. ఆ గుహల చుట్టూ ఉన్న పల్లెలు ఈ దేశానికి ఏం సాధించి పెట్టాయో వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

పాత శతాబ్దాల్లో వెతికితే దొరికేది తక్కువ. సింహాచలం గుడి గోడల మీద వందల శాసనాలున్నాయి. వాటిలో దాతలు కనిపిస్తారు, దానాలు కనిపిస్తాయి. కొండవాలులో పోడు కొట్టుకుని రాగులు, సామలు పండించుకున్న మనిషి గొంతు మాత్రం వినిపించదు. పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లిష్ కంపెనీ వైజాగపటంలో కోఠీ తెరిచింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు కంపెనీ సైన్యం చేతిలో నేలకొరిగాడు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. పితూరీల మీద పితూరీలు లేచాక 1839లో గంజాం, విశాఖ జిల్లాల కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నర్‌కు ఏజెంటుగా కలెక్టర్ చేతిలో పెట్టారు. కొండలవాళ్లకు వేరే చట్టం ఉండాలన్న ఆలోచనకు ఇక్కడ అదే మొదలు. అప్పటి ఏలికలకు కావలసింది శాంతిభద్రతలు, గిరిజనుల హక్కులు కావు. 1917లో ఏజెన్సీ భూముల బదిలీకి అడ్డుకట్ట వేసిన చట్టమూ పితూరీల భయంలోంచి పుట్టిందే.

ఆ చట్టం ఉండగానే గూడెం డిప్యూటీ తాసిల్దార్ బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా రోడ్డు వేయిస్తూ మన్యం జనాన్ని వెట్టికి తోలాడు. కూలి ఎగ్గొట్టాడు. ముఠాదారులు చేసిన ఫిర్యాదులు ఎక్కడా చెల్లలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడంటే దాని వెనక ఆ రోడ్డుంది, అటవీ ఆంక్షలున్నాయి. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. వెట్టిచాకిరీని నిషేధిస్తూ జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది 1930 జూన్‌లో. హక్కుల చరిత్ర రాసేవాళ్లు ఆ ఒప్పందాన్ని తప్పకుండా ప్రస్తావిస్తారు. లంబసింగి ఘాట్ రోడ్డుకూ ఆ పుట మీద చోటివ్వాలి.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో విశ్వమానవ హక్కుల ప్రకటన వెలువడింది. అందులో పురుషులను మాత్రమే గుర్తుచేసే మాట తీయించి, మానవులందరూ అనిపించిన ఘనత మన హంసా మెహతాది. ఆ ప్రకటన పదిహేడో అధికరణం చెప్పేది ఇదీ: ఆస్తి కలిగి ఉండే హక్కు ఒంటరిగానూ ఉంటుంది, ఇతరులతో కలిసీ ఉంటుంది. 'ఇతరులతో కలిసి' అన్నదాన్ని సిద్ధాంతకర్తలు పెద్దగా పట్టించుకోలేదు. హక్కంటే ఒక మనిషికి రాజ్యం మీద ఉండేదన్న లెక్కలోనే చాలాకాలం ఉండిపోయారు. మన రాజ్యాంగ సభ మాత్రం గిరిజన ప్రాంతాల రక్షణకు ఐదో షెడ్యూలు రాసుకుంది. దాని కింద 1959లో ఆంధ్రప్రదేశ్ భూబదిలీ నిబంధన వచ్చింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం భగ్గుమన్నాక 1970లో దానికి పదును పెట్టారు. ఏజెన్సీలో ఎవరినడిగినా '1/70 చట్టం' అంటారు, అదే ఇది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి ఎవరు అమ్మినా చెల్లదు. వేరేగా రుజువయ్యేదాకా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని అనుకోవాలి.

నడుమ 1966 ఒకటుంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబర్ 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది పోయారు. అదే ఏడాది డిసెంబర్ 16న ఐక్యరాజ్యసమితి రెండు ఒడంబడికలను ఆమోదించింది. పని చేసే హక్కు వాటిలో ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో ఉంది. భారతదేశం వాటిలో చేరడానికి 1979 దాకా పట్టింది.

ఇక బొర్రా. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలుచుకుంటూ వేసిన రైలు మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేసిన లైను అది. ఆ లైను కింద గోస్తని పుట్టిన గుహలు, సున్నపురాయి, మైకా, కాల్సైట్. వాటి మీద జాతాపు, కొండదొర, కోదు కుటుంబాల పల్లెలు. తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్నా చాలామంది చేతిలో పట్టా లేదు. ప్రభుత్వం లెక్కలో అది రిజర్వు అడవి. ఆ నేలలోనే గనుల లీజులు బయటివాళ్లకు దక్కాయి.

లీజులు తీసుకున్నవాళ్లలో బిర్లా పెరిక్లేజ్ ఒకటి. విశాఖ తీరంలో ఆ కంపెనీ చేసిన పని ఏమిటో తెలిస్తే కొండకూ సముద్రానికీ ఉన్న లంకె అర్థమవుతుంది. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం కరిగి ఉంటుంది. దాన్ని రాబట్టాలంటే సున్నం కలపాలి. కలిపితే తెల్లటి మడ్డిలా మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అడుక్కు దిగుతుంది. ఆ మడ్డిని ఎర్రగా కాలిస్తే మెగ్నీషియా. ఉక్కు కొలిమి మంటకు కరగని ఇటుకలు దానితో చేస్తారు. కాల్సైట్ అంటే కాలిస్తే సున్నమయ్యే రాయి. అలా బొర్రా దగ్గరి నిమ్మలపాడు పొలాల కింది రాయి ఉక్కు పరిశ్రమ కంట పడింది.

సమత అనే స్వచ్ఛంద సంస్థ ఆ పల్లెల తరఫున 1993లో హైకోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు కొట్టేసింది: గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదన్న చట్టం ప్రభుత్వ భూమికి వర్తించదు, ప్రభుత్వం తన భూమిని తనకు నచ్చినవాళ్లకు లీజుకిచ్చుకోవచ్చు అని. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముగ్గురు న్యాయమూర్తుల ముందు వాదన అంతా ఒకే చోట నిలబడింది. చట్టంలో 'ఏ వ్యక్తీ' అని ఉంది. ఆ వ్యక్తుల్లో సర్కారు ఉందా, లేదా?

ధర్మాసనానికి పెద్ద జస్టిస్ కె.రామస్వామి, మన తెలుగువారు. పదవీ విరమణ ముంగిట ఆయన ఇచ్చిన తీర్పు ఇది. ఉంది అన్నారాయన. గిరిజనుల భూమిని కాపాడటానికి రాసిన చట్టంలోంచి సర్కారే తప్పించుకుంటే, ముందు భూమిని సర్కారుదనిపించి తర్వాత ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అలాంటప్పుడు ఐదో షెడ్యూలుకు అర్థమేముంది? కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చిన లీజులు చెల్లవు. తవ్వాలంటే ప్రభుత్వరంగ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. గని తవ్వే సంస్థ నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్లకు, బడికి, ఆస్పత్రికి, రోడ్లకు శాశ్వత నిధిగా ఉంచాలి. జస్టిస్ సగీర్ అహ్మద్ ఆయనతో ఏకీభవించారు. జస్టిస్ జి.బి.పట్నాయక్ కాదన్నారు. ఆ చట్టంలోని 'వ్యక్తి'లో ప్రభుత్వం రాదనీ, శాసనకర్తలు రాయని మాటను కోర్టు చేర్చకూడదనీ ఆయన వాదం. చట్టాన్ని అక్షరమక్షరం చదివేవాళ్లకు అది తేలిగ్గా కొట్టేసే వాదం కాదు. అయినా నా మనసు రామస్వామి వైపే.

ఎందుకంటే ఆయన ఆ తీర్పులో అభివృద్ధి హక్కును తెచ్చారు. 1986 డిసెంబర్ 4న ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటన అది. 146 దేశాలు ఔనన్నాయి, అమెరికా ఒక్కటే కాదంది. అభివృద్ధిలో పాలుపంచుకునే, దాని ఫలం అనుభవించే హక్కు ప్రతి మనిషికీ, ప్రతి జనసమూహానికీ ఉందని దాని సారం. న్యూయార్క్‌లో అది మొక్కుబడి కాగితంగా ఉండిపోయేదేమో. బొర్రా పల్లెలకు అది లీజులు రద్దు చేయించిన ఆధారాల్లో ఒకటయింది. సమూహానికి హక్కుంటుందా, భూమి మీద హక్కు మానవ హక్కేనా అని విశ్వవిద్యాలయాల్లో తర్కించుకుంటున్న ప్రశ్నలకు ఇంత సూటిగా జవాబు చెప్పిన తీర్పు మరొకటి నాకు కనబడలేదు.

ఇక్కడి దాకా వరస బాగానే ఉంది. ఆ తర్వాత కథ ఒక దారిలో నడవదు. తీర్పు సవరించమని ప్రభుత్వాలు పెట్టుకున్న దరఖాస్తులను సుప్రీంకోర్టు 2000లో తోసిపుచ్చింది. అదే ఏడాది ఐదో షెడ్యూలునే మార్చాలన్న ప్రతిపాదన కేంద్ర గనుల శాఖలో కదిలింది. విషయం బయటికి పొక్కి గిరిజన సంఘాలు వీధికెక్కాక ఆగింది. 2001లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో అమ్మకం కేసులో మరో ధర్మాసనం సమత తీర్పుపై తనకు గట్టి సందేహాలున్నాయంది. ఆ బాల్కో తీర్పు వెలువడింది డిసెంబర్ 10న, మానవ హక్కుల దినాన. 2013లో పక్కనే ఒడిశాలో నియమగిరి కొండ మీద గ్రామసభలు పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నప్పుడు సమత దారి మళ్లీ వెలిగింది. మన చింతపల్లి, జెర్రెలలో మాత్రం తీర్పు వదిలిన సందునే వాడుకోవాలని చూశారు: ఖనిజం తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, కొనుక్కునేది ప్రైవేటు కంపెనీ. 2015 నవంబర్‌లో 1,212 హెక్టార్ల అడవిని ఆ సంస్థకు అప్పగిస్తూ జీవో 97 వచ్చింది. మన్యమంతా తిరగబడింది. 2019లో ఆ జీవో రద్దయింది.

కాగితం మీది హక్కుకూ కొండ మీది బతుకుకూ దూరం భూమి విషయంలోనే కాదు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోదు మహిళలు ఫిర్యాదు చేశారు. మూడు వారాలు దాటగానే, సెప్టెంబర్ 13న, ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన ఆమోదించింది. భారతదేశం అనుకూలంగా ఓటేసింది. విశాఖలోని ప్రత్యేక కోర్టు 2023 ఏప్రిల్‌లో నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లపాటు వాయిదాలకు కొండ దిగి వచ్చిన ఆ ఆడవాళ్ల ముందు ఏ సిద్ధాంతం చెప్పాలన్నా నాకు నోరు రాదు.

నగరంలోనూ అంతే. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి చేతిలో పునరావాసపు ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ముసలివాళ్లయిన నిర్వాసితులున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి కమ్ముకుని నిద్రలో ఉన్నవాళ్ల ఊపిరి తీసింది. 2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకానికి కేంద్రం సిద్ధపడింది. 1966 నినాదాలు మళ్లీ కూర్మన్నపాలెం గేటు దగ్గర వినబడ్డాయి.

అనంతగిరి ఇప్పుడు విశాఖ జిల్లాలో లేదు. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. నిమ్మలపాడు కాల్సైట్ గనిని తమ సొసైటీకే ఇవ్వాలని అక్కడి గిరిజనులు అడుగుతున్నారు. ప్రభుత్వ సంస్థో, గిరిజన సంఘమో అని తీర్పు రెండు దారులు చూపించింది. మొదటి దారిలోనే ఎందుకు నడవాలన్నది వాళ్ల ప్రశ్న.