సీఫెల్ గోడకి ఇటువైపు

ఇంటర్ చదివే రోజుల్లో నాచారం నుంచి రోజూ తార్నాక మీదుగా బస్సులో పోయేవాణ్ణి. ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకుని ఒక పెద్ద గోడ, గేటు మీద పొడవాటి ఇంగ్లీషు పేరు. జనం మాత్రం ‘సీఫెల్’ అనేవాళ్లు. అదేదో మందుల కంపెనీ అనుకున్నాను చాలా రోజులు. నాచారం వాడికి బోర్డు కనపడితే ముందు ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది మరి!

దేశం మొత్తానికీ ఇంగ్లీషు టీచర్లను తయారుచేసే సంస్థ అదని తెలిసేసరికి నా ఇంజనీరింగ్ కూడా అయిపోయింది. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న ఆలోచన మా ఇంటికి అంత దగ్గర్లో జరుగుతుంటే, ఇంగ్లీషు రాక నేను ఇవతల అవస్థ పడ్డాను. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూద్దామనే ఈ వ్యాసం.

మా తాతయ్యతో మొదలుపెట్టాలి. ఆయనది భువనగిరి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. చివరిదాకా ఉర్దూలోనే సంతకం పెట్టాడు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో నడిచింది, ఇంగ్లీషు అందులో తప్పనిసరి సబ్జెక్టు. ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పడం అప్పట్లో చాలా పెద్ద ప్రయోగం. దానికోసం ముందు ఏడాదే ఒక అనువాద సంస్థ పెట్టి, సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఇంగ్లీషు మీడియం లేకుండా ఉన్నత చదువు సాధ్యం కాదనేవాళ్లకి అది మంచి జవాబే. కానీ తెలుగు ఇంటి పిల్లాడికి ఆ ఉర్దూ కూడా పరాయిదే. 1948 తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషుకి మారింది. అంటే మా తాతయ్యా నేనూ ఒకే పని చేశాం. ఇద్దరం వేరేవాళ్ల భాషలో చదువుకున్నాం, ఆ భాషే మారింది.

సీఫెల్ కథ 1958లో మొదలవుతుంది. అప్పటి పేరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్. ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ సాయం చేశాయి. 1972లో ఇతర విదేశీ భాషలు చేరి సీఫెల్ అయింది. 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యాక ఇఫ్లూ. ‘ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్’ అన్న ఆ పేరు ఒకసారి జాగ్రత్తగా చదవండి. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ విదేశీ భాషలట, ఇంగ్లీషు మాత్రం విడిగా నిలబడింది. అది విదేశీ కాదు, అలాగని స్వదేశీ అనీ అనరు. ఢిల్లీలో కూచుని చూస్తే ఆ పేరు సబబే కావచ్చు. నాచారంలో మా క్లాసు రూములో మాత్రం రష్యన్‌కీ ఇంగ్లీషుకీ తేడా ఒక్కటే: రష్యన్‌లో ఫెయిలైతే ఎవరూ తిట్టరు.

ఆ సంస్థ తొలి ఏళ్లలో ఇంగ్లీషు బోధన మీద బలంగా ఉన్న పద్ధతి పేరు స్ట్రక్చరల్ అప్రోచ్. వాక్య నిర్మాణాలను తేలికైన వాటి నుంచి కష్టమైన వాటికి వరుసగా పేర్చి, ఒక్కోదాన్నీ నోటితో పదేపదే పలికించడం. ‘దిస్ ఈజ్ ఎ బుక్, దట్ ఈజ్ ఎ పెన్’ అని మా తరం అరిచిన అరుపులు ఆ పద్ధతి మిగిల్చినవే. ఇంతకంటే తేలికైన వాక్యం ఉండదని వాళ్ల లెక్క. తెలుగువైపు నుంచి చూడండి. ‘ఇది పుస్తకం.’ ఇందులో క్రియ లేదు. ‘ఈజ్’కి మన దగ్గర మాటే లేదు. ‘ఎ’కీ లేదు. నాలుగు మాటల్లో రెండిటికి మా బుర్రలో జాగా లేదు. తేలికైన వాక్యం అని మొదలుపెట్టినచోటే మాకు పెద్ద గుంత ఉందని మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. వాక్యం బట్టీ వచ్చింది గానీ, అందులో ఆ రెండు మాటలూ ఎందుకున్నాయో అర్థం కాలేదు.

ఈ పద్ధతి మీద అసంతృప్తితోనే ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 1984 దాకా దక్షిణాదిలోని కొన్ని మామూలు బళ్లలో నడిపాడు. వ్యాకరణం ముందు చెప్పడు. పిల్లల చేతికి ఒక రైల్వే టైమ్‌టేబుల్ ఇస్తాడు, ఫలానా టైముకి ఫలానా ఊరు చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేల్చమంటాడు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష తెలియకుండా లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం. దాంతో అన్నీ తేలాయా అంటే లేదు, దాని ఫలితాల మీద పండితులు చాలాకాలం వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ పుస్తకం చదువుతుంటే నా కథే ఎవరో రాసినట్టు అనిపించింది.

ఎందుకంటే నాకు ఇంగ్లీషు నేర్పింది టర్బో సీ. వరంగల్ హైవే మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ మాది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చేరిన నాలాంటివాళ్లే బెంచీల నిండా. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇంగ్లీషుకీ ఒక ల్యాబ్ ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరిదో యాసని అనుకరించేవాళ్లం. అక్కడ నేర్చుకుంది నిజంగా ఏమీ గుర్తులేదు. పక్క ల్యాబ్‌లో ‘స్టేట్‌మెంట్ మిస్సింగ్’, ‘ఎల్‌వాల్యూ రిక్వైర్డ్’ అని స్క్రీన్ అరిచేది. దాని అర్థం తెలియకపోతే ప్రోగ్రాం నడవదు. డిక్షనరీ తీసేవాణ్ణి, పక్కవాణ్ణి అడిగేవాణ్ణి. మూడో ఏడాదికి వెయ్యి పేజీల మాన్యువల్ చదవగలిగాను. నోరు విప్పడం మాత్రం రాలేదు. క్యాంపస్ సెలెక్షన్లలో గ్రూప్ డిస్కషన్ దగ్గరే రెండుసార్లు ఇంటికి పంపారు. మాకంతా డౌట్లు చెప్పిన నా ఫ్రెండ్‌ని నాలుగుసార్లు పంపారు. వాడు ఆ లైన్ వదిలేసి ఇప్పుడు ఉప్పల్‌లో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. బాగానే ఉన్నాడు. కానీ ఆ రోజుల సంగతి ఎత్తితే మాట మారుస్తాడు.

ఇప్పుడు ఇంటర్వ్యూ టేబుల్‌కి అటువైపు నేనున్నాను. ఫారంలో ‘కమ్యూనికేషన్’ అని ఒక గడి ఉంటుంది, ఐదుకి మార్కులు. మొన్న ఒక అబ్బాయి వచ్చాడు. కోడ్ చక్కగా రాశాడు, ఎందుకలా రాశావంటే మాట రాలేదు. “తెలుగులో చెప్పు తమ్ముడూ” అన్నాను. “పర్లేదా సార్?” అని ఒకసారి చూసి, పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు. నేను మూడు వేశాను. నాతో కూచున్న ఇద్దరూ ఒకటి వేశారు. వాళ్ల ఒకటికీ నా మూడుకీ ఏ లెక్కా లేదన్నది నిజం. ఆ ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు ఏమిటి? డాక్యుమెంటేషన్ చదవడం, బగ్ రిపోర్టు రాయడం, కాల్‌లో డౌట్ అడగడం. మొదటి రెండూ మేం పరీక్షించనేలేదు. మూడోది కూడా కాదు, యాస చూశాం.

సీఫెల్ మొదలైన రోజుల్లో ఆ సంస్థకి డైరెక్టర్‌గా పనిచేసిన వి.కె. గోకాక్ కన్నడ కవి. 1980ల మొదట్లో కర్ణాటక బళ్లలో కన్నడకే మొదటి స్థానం ఇవ్వాలని సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఆ సిఫారసు అమలు చేయాలని రాజ్‌కుమార్ సహా జనం వీధుల్లోకి వచ్చారు. ఇంగ్లీషు బాగా నేర్పాలనడం, సొంత భాషకి చోటు ఉండాలనడం ఒకే మనిషిలో కొట్లాడుకోకుండా ఉన్నాయి. మన దగ్గర ఈ చర్చ ఎప్పుడూ రెండు జట్ల కబడ్డీయే.

తెలంగాణ ప్రభుత్వ బళ్లు 2022-23లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అలాంటి పుస్తకం నా చేతికి వచ్చి ఉంటే ‘ఈజ్’ సంగతి ఆరో తరగతిలోనే తేలిపోయేది. పుస్తకం ఒక్కటే చాలదు, ఆ రెండు పేజీల మధ్య నిలబడి చెప్పే టీచరు కావాలి. 1958లో తార్నాకలో సంస్థ పెట్టింది టీచర్ల కోసమే కదా.

ఆ అబ్బాయికి ఉద్యోగం రాలేదు. ఫారంలో ఆ గడి తీసేసి, ‘చదవడం’, ‘రాయడం’, ‘అడగడం’ అని మూడు గడులు పెడదామని మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఇంగ్లీషులోనే. పంపేముందు వ్యాకరణం మూడుసార్లు చూసుకున్నాను.