చరిత్రగ్రంథములను చదువు విధము

పురాణమును వినుట వేఱు, చరిత్రను చదువుట వేఱు. పురాణమును భక్తితో విందుము. చరిత్రను ప్రశ్నించుచు చదువవలెను. ప్రశ్నించుట గ్రంథకర్తకు అపచారము కాదు. మన సీమనుండియే రెండు నిదర్శనములు చూపెదను.

తిరుమలలో భోగశ్రీనివాసమూర్తి యను వెండివిగ్రహము కలదు. దానిని సమర్పించినది సామవై యను పల్లవరాణి. ఏ సంవత్సరమున? ఒక పుస్తకము క్రీ.శ. 614 అనును, వేఱొకటి 966 అనును. నడుమ 352 ఏండ్ల యంతరము! ఒక్కదానినే చదివినవాడు దానిని వేదవాక్యముగా పట్టుకొని రచ్చబండమీద వాదించును. రెండును చదివి విసిగినవాడు చరిత్రయంతయు కట్టుకథయని పుస్తకము మూసివేయును. ఇరువురును నష్టపోయినవారే.

శాసనమున నేమున్నదో విచారించినవానికి చిక్కు విడిపోవును. ఆ తమిళశాసనమున శకవర్షము లేదు. రాజు పాలనమున 14వ యేడని మాత్రమే యున్నది. ఆ రాజును ఏడవ శతాబ్దమువానిగా నెంచిన లెక్క యొకటి, పదవ శతాబ్దమువానిగా నెంచిన లెక్క వేఱొకటి. దానము నిశ్చయము, తేదీ ఊహ. ఈ రెంటిని వేఱుచేసి చూచుటయే చదువరికి గలుగు లాభము. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు దేవస్థాన శాసనములను పరిశోధించి 1930లో నివేదికను ప్రకటించిరి. పిమ్మట శాసనసంపుటములును వెలువడినవి. కావున మూలమును చూడగోరువారికి దారి కలదు.

రెండవది, గ్రంథము పుట్టిన కాలమును గమనింపవలెను. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడినది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండెడివి. కాక్సు దొర 1881లో రచించిన ఉత్తర ఆర్కాటు గ్రంథమున మదనపల్లె చరిత్రను వెదకి, లేదని నిందించిన ఫలమేమి? అది గ్రిబుల్ దొర 1875లో ప్రకటించిన కడప జిల్లా గ్రంథమున వెదకదగినది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేఱు జిల్లా యైనది గనుక, ముందుతరములవారికి ఈ జాగ్రత్త మఱింత యవసరము.

కావున పుస్తకము చేతబట్టినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇది ఎప్పుడు వ్రాసినది? దేనిని చూచి వ్రాసినది? ఇందు కన్నదెంత, ఊహించినదెంత? సమాధానములను ఒక కాగితముమీద వ్రాసి, ఆ పుస్తకములోనే యుంచుడు. తరువాత చదువువారికి అక్కఱకు వచ్చును. మీ యూరి గుడిగోడమీద శాసనమున్నచో, దానిపై సున్నము పడనీయకుడు. మన మనుమలు చదువబోవు చరిత్రకు అదియే సాక్షి.