వయోజన విద్యకు పాటుపడిన మన జిల్లావారు

గ్రంథాలయము వెలసిన ప్రతి గ్రామమునను ఒక ప్రశ్న పుట్టక మానదు: చదువు రానివారికి ఈ పుస్తకములవలన ప్రయోజనమేమి? ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ నాయకులు దీనికి కార్యరూపముననే సమాధానమొసగిరి. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన కర్నూలువారగుట కోడుమూరు వాసులకు గర్వకారణము.

1883లో కర్నూలున జన్మించిన రావుగారు ఎం.ఏ. పట్టము నొందిరి. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసమునకై రాజద్రోహనేరముపై కారాగారవాస మనుభవించిరి. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు తరువాత రావుగారు చిరకాలము అధ్యక్షులైరి. అక్షరము నేర్పుటయు గ్రంథాలయ ధర్మమేయని వయోజన విద్యకై పాటుపడిరి.

ఉద్యమ కార్యకర్తలు రాత్రిపాఠశాలలు నడిపిరి. చదువురానివారికి పత్రికలు చదివి వినిపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను పల్లెలకు పంపిరి. పడవ నడువని మన మెట్టసీమలో ఆ పని కార్యకర్త కాలినడకనే సాగవలెను. మగ్గము దిగిన నేతగాడును, చేనినుండి మరలిన కూలియు ప్రొద్దుగ్రుంకినగాని పలక పట్టజాలరు. బోధకుడును ఆ వేళకే రావలెను. నేర్చిన అక్షరము చదువక విడిచిన మరపునకు వచ్చును. కావున పాఠశాల వెంట గ్రంథాలయ ముండితీరవలెను.

రావుగారు 1960లో దివంగతులైరి. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనమును ఆ యేటిదే. శాసనము భవనమును, ధనమును సమకూర్చగలదు. పలక పట్టించువారిని గ్రామమే సమకూర్చుకొనవలెను. రజతోత్సవవేళ పుస్తకముల పట్టికతోపాటు, ఇచట చదువ నేర్చిన పెద్దల పట్టికయు చూచుకొనుట ఉచితము.