పౌరసత్వం లేని ఓటు: ఐర్లండ్ స్థానిక ఎన్నికల్లో విదేశీ నివాసులు

ఐర్లండ్‌లో ఓటర్ల జాబితా ఒకటే గానీ అందులో ఉన్న అందరికీ అన్ని ఓట్లూ లేవు. ఆ దేశ పౌరులకు అధ్యక్ష ఎన్నికలు, రిఫరెండాలతో సహా అన్నింటిలోనూ ఓటుంది. అక్కడ నివసించే బ్రిటిష్ పౌరులు దిగువసభ అయిన డాల్ ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల వారికి యూరోపియన్ పార్లమెంటు ఓటు, స్థానిక ఓటు ఉన్నాయి. ఇక మిగిలినవారికి, అంటే మన దేశం నుంచో, నైజీరియా నుంచో, బ్రెజిల్ నుంచో వెళ్లి స్థిరపడినవారికి, కౌన్సిల్ ఎన్నికల ఓటు మాత్రమే. జాబితాలో వాళ్ల పేరు పక్కన 'ఎల్' అనే అక్షరం ఉంటుంది. ఈ వ్యాసం వాళ్ల గురించే.

1963 నాటి ఎన్నికల చట్టం స్థానిక ఓటుకు పౌరసత్వంతో ముడి పెట్టలేదు. 1974లో పోటీ చేసే హక్కు కూడా వచ్చింది. ఇన్నేళ్లు ఉండాలన్న షరతు లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, అక్కడ మామూలుగా నివసిస్తుంటే చాలు. విద్యార్థి కావచ్చు, ఉద్యోగి కావచ్చు, శరణు కోరి తీర్పు కోసం ఎదురు చూస్తున్న మనిషి కావచ్చు. స్వీడన్ ఇదే హక్కును 1976 ఎన్నికల్లో మూడేళ్ల నివాసం షరతుతో ఇచ్చింది. దక్షిణ కొరియా 2006లో శాశ్వత నివాసం పొంది మూడేళ్లయినవారికే పరిమితం చేసింది. జర్మనీలో హాంబర్గ్, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేస్తే, 1990 అక్టోబరు 31న రాజ్యాంగ న్యాయస్థానం రెండింటినీ కొట్టివేసింది. స్థానిక సంస్థల్లోనైనా అధికారానికి మూలం జర్మన్ ప్రజలేనన్నది ఆ తీర్పు సారం.

మరి ఐర్లండ్‌లో ఇంత ఉదారమైన నియమం ఎలా నిలిచింది? 1963 నాటి ఐర్లండ్ జనాన్ని బయటికి పంపే దేశం. అప్పట్లో అక్కడ విదేశీయులంటే చాలావరకు బ్రిటిష్ వాళ్లే. ఈ హక్కును ఇంతమంది వాడుకునే రోజు వస్తుందని ఆనాడు ఊహించి ఉండరు. ఇది ఒక కారణం. నాకు మరింత బలంగా తోచే కారణం మరొకటి ఉంది: ఐరిష్ కౌన్సిళ్లకు అధికారం తక్కువ. పోలీసు, బడి, ఆసుపత్రి వాటి చేతిలో లేవు. రోడ్లు, ప్రభుత్వ ఇళ్ల కేటాయింపు, భవన అనుమతులు, గ్రంథాలయాలు, పార్కులు ఉన్నాయి. వాటిలోనూ రోజువారీ నిర్ణయాలు చీఫ్ ఎగ్జిక్యూటివ్ అనే అధికారివి. బడ్జెట్‌ను, అభివృద్ధి ప్రణాళికను ఆమోదించడం సభ్యుల పని. చేతిలో పెద్దగా ఏమీ లేని సభకు ఓటరు ఎవరైతేనేం అన్న నిశ్చింత ఈ ఔదార్యం వెనక ఉందని నా అభిప్రాయం. అదే రాజ్యం డాల్ ఓటు దగ్గర ఇంత ధారాళంగా లేదు. బ్రిటిష్ పౌరులకు ఆ ఓటు ఇవ్వడానికే 1984లో రాజ్యాంగాన్ని సవరించాల్సి వచ్చింది.

2004 జూన్ 11 ఈ విషయంలో చాలా చెబుతుంది. ఆ రోజు ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికలు, ఒక రిఫరెండం కలిసి జరిగాయి. స్థానిక ఎన్నికల్లో నైజీరియా నుంచి వచ్చిన ఇద్దరు, పోర్ట్‌లీషలో రొటిమి అదెబారి, ఎన్నిస్‌లో టైవో మాథ్యూ, పట్టణ కౌన్సిళ్లకు ఎన్నికయ్యారు. అదెబారి శరణు కోరి వచ్చి అప్పటికి నాలుగేళ్లు. రిఫరెండంలో మాత్రం, ఐర్లండ్ గడ్డపై పుట్టిన ప్రతి బిడ్డకూ పౌరసత్వం అన్న హామీని దాదాపు 79 శాతం ఓట్లతో తీసేశారు. విదేశీయుడిని కౌన్సిల్‌లో కూర్చోబెట్టారు, విదేశీయుల బిడ్డ పుట్టగానే పౌరుడు కావడాన్ని ఒప్పుకోలేదు. దీన్ని వైరుధ్యం అనేవాళ్లున్నారు. నేనలా అనుకోను, కౌన్సిల్‌కూ రాజ్యానికీ ఐరిష్ ఓటరు గీసుకున్న గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అదెబారి 2007లో పోర్ట్‌లీష మేయరయ్యారు, దేశంలో తొలి నల్లజాతి మేయర్‌గా ప్రపంచ పత్రికలకెక్కారు. 2014లో ప్రభుత్వం దేశంలోని 80 పట్టణ కౌన్సిళ్లను రద్దు చేసింది. వాటిలో పోర్ట్‌లీష కూడా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు అందుబాటులో ఉన్న తొలి మెట్టు అలా పోయింది.

హక్కు సంగతి ఇలా ఉంటే, జాబితాలో పేరెక్కించుకోవడం వేరే కథ. 2022 దాకా జాబితా ఏడాదికోసారి తయారయ్యేది. నవంబరు 25 గడువు దాటితే అనుబంధ జాబితాలో చేరాలి. అందుకు ఫారం పట్టుకుని గార్డా స్టేషన్‌కు, అంటే పోలీసుల దగ్గరికి, వెళ్లి వాళ్ల ఎదుట సంతకం చేయాలి. డబ్లిన్ బయట విదేశీయుల నివాస నమోదు చూసిందీ గార్డానే. వీసా గడువు గుబులు పుట్టించే చోటికే ఓటు కోసం వెళ్లమనడం చట్టం రాసినవారికి మామూలుగానే తోచి ఉంటుంది. 2022 ఎన్నికల సంస్కరణ చట్టం ఆ మెలికను తీసేసింది. ఇప్పుడు జాబితా ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, నమోదు ఆన్‌లైన్‌లో అయిపోతుంది.

అయితే నమోదు సులువైనంత మాత్రాన పోలింగ్ పెరగదు. స్వీడన్‌లో అధికారులే పేర్లు ఎక్కిస్తారు. అయినా 1976లో దాదాపు 60 శాతంగా ఉన్న విదేశీయుల పోలింగ్ తర్వాతి దశాబ్దాల్లో బాగా పడిపోయింది. జనాభాలో దాదాపు సగం విదేశీయులున్న లక్సెంబర్గ్ 2023 స్థానిక ఎన్నికలకు ముందు అయిదేళ్ల నివాస షరతును ఎత్తేసింది. పేరు నమోదు చేసుకున్నది సుమారు అయిదో వంతే. అక్కడ నమోదైతే ఓటు వేయడం తప్పనిసరి. ఆ నిర్బంధం కొందరిని వెనక్కి లాగి ఉండవచ్చు. నా లెక్కలో తేడా తెచ్చేది పార్టీలు తలుపు తట్టడం. ఐర్లండ్ ఓటింగ్ పద్ధతిలో రెండో, మూడో ప్రాధాన్య ఓట్లు కూడా అభ్యర్థిని గెలిపించగలవు. కాబట్టి చిన్న సమూహాల ఓటును అభ్యర్థులు తేలిగ్గా తీసుకోలేరు. కేరళలో పుట్టిన బేబీ పెరెప్పాడన్ 2024లో సౌత్ డబ్లిన్ కౌంటీ మేయర్ కావడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి.

డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన ఇరకాటం ఉంది. భారత ఎన్నికల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత ప్రవాస భారతీయ పౌరులు స్వస్థలంలో ఓటరుగా నమోదు కావచ్చు గానీ, ఓటు వేయాలంటే పాస్‌పోర్టుతో స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఓటు వేయడానికి విమానం ఎక్కాలి. తాముంటున్న డబ్లిన్ వీధిలో దీపాల గురించి ఓటు వేయడానికి పౌరసత్వం కూడా అక్కర్లేదు. ఐర్లండ్‌లో తదుపరి స్థానిక ఎన్నికలు 2029లో. పీపీఎస్ అనే వ్యక్తిగత గుర్తింపు నంబరు, పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ అనే ఇంటి పోస్టల్ కోడ్ దగ్గర పెట్టుకుని పేరు ఇప్పుడే ఎక్కించుకోండి.