వెంకటేశము నేర్చిన ఇంగ్లీషు

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చదివి నవ్వనివారు మనలో అరుదు. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో మిక్కిలి పెంపొంది మరల వెలువడిన ఆ నాటకమున ఒక చిన్న ఘట్టమును మాత్రము నవ్వుకొఱకు గాక చరిత్రకొఱకు చదువవలసియున్నది. పట్టణమున చదువుచున్న వెంకటేశము సెలవులకు గురువైన గిరీశముతో గూడ అగ్రహారమునకు వచ్చును. తల్లి వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలెనని ముచ్చట. గురుశిష్యు లా ముచ్చట తీర్తురు. ఒకరు పలికినదానికిని రెండవవారు పలికినదానికిని పొత్తు లేదు. అయినను సంభాషణము ధారాళముగా సాగును.

ఆ పలుకులలో ఏమేమి యున్నవో చూడుడు. నక్షత్రమునుగూర్చిన శిశుగేయ మొకటి. గుడారములో తెల్లవాడున్నాడను వాచకవాక్య మొకటి. కాలుచున్న యోడపై నిలిచిన బాలుని పద్యము, మిల్టను మహాకావ్యపు తొలిపలుకులు, ఎఫ్ అక్షరముతో ముగియు నామవాచకములకు బహువచనము చేయు నియమము, ట్రెపీజియమును గూర్చిన యొక రేఖాగణితవాక్యము. ఈ కడపటిదానిలో యూక్లిడు ప్రథమభాగపు ఏడవ సిద్ధాంతము ముక్కలై, అర్థము తలక్రిందులై యున్నది, గణితోపాధ్యాయులు క్షమింతురుగాక. ఇది హాస్యమునకై అల్లిన గందరగోళమని తోచును. నిజమునకు ఇది నాటి ఇంగ్లీషు చదువునకు విషయసూచిక. శిశుతరగతి మొదలు మెట్రిక్యులేషను వఱకు బాలుని నోట పెట్టబడిన దంతయు వరుస తప్పి ఇందులో కలదు.

ఓడపై బాలుని పద్యమువద్ద ఒక్క నిముస మాగవలయును. 1798లో నైలునదీ ముఖమున జరిగిన నౌకాయుద్ధమున ఫ్రెంచివారి యోడ యొకటి తగులబడగా, తండ్రి యాజ్ఞ లేనిదే కదలనని నిలిచి దగ్ధమైన బాలుని కథను ఫెలీషియా హెమన్సు అను కవయిత్రి 1826లో పద్యముగా ప్రకటించెను. ఇంగ్లండులోను, ఇచ్చటను తరతరముల పిల్లలు దానిని వల్లించిరి. గిరీశము వెంకటేశముతో దానిని పలికినది ఎట్టి యింట? అక్క బుచ్చమ్మ బాలవితంతువు. చెల్లెలు సుబ్బిని తండ్రి అగ్నిహోత్రావధానులు ధనమునకై వృద్ధుడగు లుబ్ధావధానులకు కట్టబెట్టజూచుచున్నాడు. తండ్రిమాటయను నిప్పులో పిల్ల నిలుచుట యెట్టిదో ఆ పద్యము చెప్పుచునేయున్నది. ఎదుట నిలిచిన అన్నకు అది వినబడదు. అప్పారావుగా రీ పోలికను ఉద్దేశించిరో లేదో చెప్పజాలను గాని, చదివిన ప్రతిసారియు నాకు అచ్చట నవ్వు ఆగిపోవును.

ఇట్టి చదువు ఎట్లేర్పడినదో తెలిసిన కథయే. 1835లో మెకాలే నివేదిక, బెంటింకు ప్రభుత్వపు తీర్మానము. 1844లో ఇంగ్లీషు చదివినవారికే కొలువులలో ముందుపీట యని హార్డింజి ప్రకటన. 1854లో వుడ్డు పంపిన విద్యాపత్రము. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము. ఆంధ్రదేశమున రాబర్టు నోబిలు దొర బందరులో 1843లోనే పాఠశాల తెఱచియుండెను. కొలువునకు పరీక్ష, పరీక్షకు ఇంగ్లీషు ద్వారమయ్యెను.

నేర్పిన విధ మేమన్నదే నాకు అంతకన్న విచారింపదగినదిగా దోచును. ఇంగ్లండులోని గొప్ప పాఠశాలలలో నాడు ప్రధానవిద్య లాటిను, గ్రీకు. స్వభాషాకావ్యములకు విశ్వవిద్యాలయమున ప్రత్యేకశాఖ ఆక్స్‌ఫర్డులో 1894లోను, కేంబ్రిడ్జిలో 1917లోను గాని ఏర్పడలేదు. ఇచ్చటనో, అంతకు ఎంతో ముందే ఆంగ్లకావ్యము పరీక్షావిషయ మయ్యెను. కనుక ఇచ్చటికి వచ్చిన దొరలు తాము బాల్యమున లాటిను నేర్చినట్లే ఇంగ్లీషును నేర్పిరి. పద్యమును విడదీయుట, ప్రతిపదమునకు వ్యాకరణము చెప్పుట, మరల గద్యముగా కూర్చుట. మన పిల్లలకు ఇది పరాయి పద్ధతి కాదు. రఘువంశము చదివిన యింట పదచ్ఛేదము, ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము అనునవి ఉగ్గుపాలతో వచ్చినవే. మాటలాడుటకు గాక చదువుటకే నిలిచిన భాషలకై పుట్టిన రెండు పద్ధతులు సముద్రపుటొడ్డున కలిసికొని, బజారులో నిత్యము పలుకబడు నొక భాషను గ్రంథమునకు కట్టివేసెను.

ఈ పద్ధతిని నేను నిందింపను. రెండు విధములను దానివలననే చదువుకొన్నవాడను. పంక్తిని తొందరపడక చదువుట అది నేర్పును. కాని సంస్కృతాభ్యాసమున దానికి తోడు మఱియొకటి యుండెడిది. శిష్యునిచే సమస్య పూరింపించి, తప్పో యొప్పో నాలుగు పాదములు స్వయముగా కట్టించెడివారు. ఇంగ్లీషు తరగతిలో ఆ రెండవ సగము జాఱిపోయినది. పరీక్షాపత్రము అర్థమును, సందర్భమును అడుగును. అవి నోట్సులో దొరకును. నోట్సు అంగడిలో దొరకును. 19వ శతాబ్ది చివర నెస్‌ఫీల్డు వ్యాకరణమును, 1930లలో రెన్, మార్టినుల వ్యాకరణమును మన బాలుర చేతికి వచ్చినవి. ఈ రెన్ దొర ఎడారిలో పోరాడు సైనికుల సాహసకథలు వ్రాసి లోకమున పేరొందినవాడని ఎఱుగని వారే మన దేశమున అధికము. మనకు ఆయన కర్మణిప్రయోగమునకే ప్రసిద్ధుడు.

ఆ తరగతి యెవరికిని ఏమియు నీయలేదనుట అన్యాయము. గోల్డుస్మిత్తు నవలనుండి బీజము గ్రహించి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును తెలుగున వెలయించిరి. అప్పారావుగారే యౌవనమున ఇంగ్లీషు పద్యములు వ్రాసిరి. అయితే వీరు తరగతిలో విన్నదానిని తరగతికి వెలుపల వాడుకొన్నవారు. వెంకటేశములు వేలకొలది.

ట్రెపీజియము మఱియొక సంగతిని గూడ చెప్పుచున్నది. నాడు ఉన్నతపాఠశాలలో గణితము, భూగోళము, చరిత్ర అన్నియు ఇంగ్లీషుననే సాగెడివి. అందుచే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు కావ్యముతో కాలము పుచ్చినను, మిగిలిన గంటలలో బాలునికి ఆ భాష చెవిని పడుచునే యుండెను. హైదరాబాదు సంస్థానమున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొని, ఇంగ్లీషును నిర్బంధవిషయముగా నుంచెను. అచ్చటి తెలుగు బిడ్డకు అది మూడవ భాష. మద్రాసు రాజధానిలో 1930ల కాలమున ఉన్నతపాఠశాలల బోధన తెలుగునకు మరలసాగెను. మరలుట న్యాయమే. కాని ఇంగ్లీషునకు దినమున ఒక్క గంటయే మిగిలినను, ఆ గంటలోని పాఠము మాత్రము మారలేదు. రోజంతయు ఆ భాష వినువానికి ఏర్పఱచిన కావ్యపాఠమును ఒక్క గంట వినువానికి పెట్టిరి.

దీనిని దిద్దుటకు యత్నములు జరుగకపోలేదు. ఢాకాలో ఉపాధ్యాయశిక్షణము నడపిన మైకేలు వెస్టు, బాలునికి మొదట కొలది మాటలతో తానై చదువుకొనగల శక్తి నీయవలెనని 1926 నాటికే వాదించెను. 1958లో హైదరాబాదున ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థ నెలకొనెను. వాక్యనిర్మాణములను క్రమముగా నేర్పు పద్ధతి పాఠశాలలకు వ్యాపించెను. ఇప్పుడు పదవ తరగతి పరీక్షలో లేఖ వ్రాయుము, సంభాషణ వ్రాయుము, దినచర్య వ్రాయుము అని అడుగుచున్నారు. జాఱిపోయిన రెండవ సగమును తెచ్చి నిలుపవలెనను సంకల్పము మెచ్చదగినది. కాని ఆ లేఖలును సంభాషణలును గైడులలో సిద్ధముగా నున్నవి. విహారయాత్రకు పోని పిల్ల విహారయాత్రనుగూర్చి మిత్రురాలికి వ్రాసిన లేఖను, ఒక్క అక్షరము మారకుండ, ముప్పది జవాబుపత్రములలో దిద్దితిని.

2020 తరువాత రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వపాఠశాలలలోను ఇంగ్లీషు మాధ్యమము విస్తరించినది. వార్షికోత్సవమున బిడ్డ వేదికపై ఇంగ్లీషున పలుకగా తల్లి కన్నులు చెమర్చును. ఆ తల్లిని పరిహసింపను. కూలి డబ్బులలో మిగిల్చి పుస్తకములు కొన్నది ఆమెయే. నాటకమున మేనమామ కరటకశాస్త్రి వెంకటేశముచే ఒక తెలుగుపద్యము చదివించి, అందలి మాటకు అర్థ మడుగగా, బాలునికి బదులు గిరీశము అడ్డుపడవలసివచ్చును. అట్టి ప్రశ్న వేయుటకు తల్లికి ఇంగ్లీషు రానక్కఱలేదు. నేడు బడిలో చదివిన కథలో ఎవరున్నారు, వారికేమైనది, నీవైన నేమి చేసియుందువు అని రాత్రి అన్నము పెట్టుచు తెలుగుననే అడుగవచ్చును.